నెటిల్ వేరు

నెటిల్ వేరు అనగా ఐరోపా, ఆసియా ఖండాలలోని చల్లని ప్రదేశాలలో పెరిగే నెటిల్ అనే దురద మొక్క యొక్క వేరు, భూగర్భ కాండం. ఈ మొక్క శాస్త్రీయ నామం అర్టికా డయోయికా. ఎండబెట్టిన వేరును గాని, దాని నుండి తీసిన సారాన్ని గాని వయసు మళ్ళిన పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం వలన కలిగే మూత్ర సంబంధమైన ఇబ్బందులకు వాడుతారు. జర్మనీలో దీనిని మూలికా ఔషధంగా పరిగణిస్తారు. అమెరికాలో ఇది ఆహార అనుబంధంగా అమ్ముడుపోతుంది. పురుష హార్మోన్లను పెంచుతుందనే ప్రచారం కూడా దీనికి ఉన్నది. ఈ రెండు ఉపయోగాలకూ గల ఆధారాలు ఒకే స్థాయివి కావు. మూత్ర బాధలు కొంత తగ్గుతాయనడానికి రోగులపై జరిగిన ప్రయోగాల ఆధారం ఉండగా, హార్మోన్ల విషయంలో ఉన్నది చాలావరకు పరీక్షనాళికలోని ఆధారమే.

పేరు

అర్టికా అనే ప్రజాతి నామం కాల్చుట అనే అర్థం గల లాటిన్ ధాతువు నుండి వచ్చినది. ఆకు తగిలినప్పుడు కలిగే మంటను బట్టి ఆ పేరు ఏర్పడింది. డయోయికా అనగా రెండు ఇళ్ళు కలది అని అర్థం. ఆడపూలు, మగపూలు సాధారణంగా వేరువేరు మొక్కలకు పూయడం వలన లిన్నేయస్ 1753లో ఈ పేరు పెట్టాడు. హిందీలో దీనిని బిచ్ఛూ బూటీ అంటారు. బిచ్ఛూ అనగా తేలు. గఢ్వాల్ ప్రాంతంలో కండాలీ అనీ, నేపాలీ భాషలో సిస్నో అనీ వ్యవహరిస్తారు.

ఇది తెలుగునాట సహజంగా పెరిగే మొక్క కాదు గనుక దీనికి స్థిరమైన తెలుగు పేరు లేదు. ఆంగ్లం నుండి అనువదించేవారు దీనిని దురదగొండి అనో, దూలగొండి అనో రాయడం కద్దు. ఇది కేవలం మాటల తేడా కాదు, మందు మారిపోయే తేడా. దురదగొండి అని మన పల్లెలలో పిలిచేది ఆముదపు కుటుంబానికి చెందిన ట్రాజియా అనే తీగ. దానిని ఆంగ్లంలో ఇండియన్ స్టింగింగ్ నెటిల్ అనడం వలన ఈ గందరగోళం మరింత పెరిగింది. దూలగొండి చిక్కుడు కుటుంబానికి చెందిన మరో తీగ. దాని కాయల మీది నూగు ఒంటికి తగిలితే విపరీతమైన దురద పుడుతుంది. సంస్కృతంలో కపికచ్ఛు, ఆత్మగుప్త అనేవి దాని పేర్లే. దూలగొండి గింజలను కూడా పురుషుల బలానికే అమ్మడం వలన పొరపాటు పడే అవకాశం రెట్టింపు అవుతుంది. ఆ గింజలలో ఎల్-డోపా అనే పదార్థం ఉన్నది. పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చే మందు కూడా అదే కావడం చేత, ఆ వ్యాధికి మందులు వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా దూలగొండి గింజలు తీసుకోరాదు. నెటిల్ వేరులో ప్రోస్టేట్‌కు సంబంధించి చెప్పే గుణాలేవీ దూలగొండికి గాని, దురదగొండికి గాని వర్తించవు. కావున కొనేటప్పుడు పేరును గాక సీసా మీది శాస్త్రీయ నామాన్ని చూడడం అవసరం.

మొక్క లక్షణాలు

నెటిల్ అర్టికేసి కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క. ఒకటి నుండి రెండు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఆకులు ఎదురెదురుగా, రంపపు పళ్ళవంటి అంచులతో ఉంటాయి. పూలు ఆకుపచ్చని చిన్న గుత్తులుగా పూస్తాయి. చలికాలంలో పై భాగం ఎండిపోయినా, నేలలో అడ్డంగా పాకే పసుపుపచ్చని భూగర్భ కాండం నుండి వసంతంలో మళ్ళీ చిగురిస్తుంది. మందుకు ఉపయోగపడేది ఈ భూగర్భ కాండమూ, దాని నుండి దిగే పీచు వేళ్ళూ.

కాండం, ఆకుల మీద ఉండే దురద నూగు ఒక విచిత్రమైన నిర్మాణం. ఒక్కొక్క రోమం లోపల బోలుగా, చివర గాజువలె పెళుసుగా ఉంటుంది. చేయి తగలగానే చివర విరిగి, మిగిలిన భాగం ఇంజక్షను సూదిలాగా చర్మంలోకి దిగి లోపలి ద్రవాన్ని వదులుతుంది. హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్, సెరటోనిన్ వంటి పదార్థాలు ఆ ద్రవంలో ఉంటాయి. ఆకును ఉడికించినా, ఎండబెట్టి పొడి చేసినా ఈ గుణం పోతుంది. ఉత్తరాఖండ్‌లోను, నేపాల్‌లోను లేత ఆకులను కూరగా వండుకొని తింటారు. టిబెట్ యోగి మిలరేపా ఏళ్ళ తరబడి నెటిల్ జావతోనే జీవించాడని అక్కడి కథ. చిత్రకారులు ఆయన శరీరాన్ని ఆకుపచ్చగా చిత్రించడం ఆ కథను బట్టి వచ్చిన ఆచారమే. వేరుకు దురద గుణం లేదు.

చరిత్ర

ఐరోపాలో నెటిల్ మందుగా కంటె ముందు నారగా ప్రసిద్ధి చెందినది. డెన్మార్క్‌లో దొరికిన సుమారు 2,800 ఏళ్ళనాటి కంచు యుగపు వస్త్రం నెటిల్ నారతో నేసినదని 2012లో పరిశోధకులు తేల్చారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ప్రత్తి దొరకక జర్మనీ మళ్ళీ ఈ నారను ఆశ్రయించింది. వైద్యంలో క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ తన మూలికా గ్రంథంలో ఈ మొక్కను చేర్చాడు. అయితే ప్రాచీనులు ఎక్కువగా వాడినది ఆకునూ, గింజలనూ. వేరును ప్రోస్టేట్ బాధలకు విరివిగా వాడడం 20వ శతాబ్దపు రెండవ భాగంలో జర్మన్ వైద్యులలో బలపడిన పద్ధతి. అందుచేత వేల ఏళ్ళ నాటి ప్రోస్టేట్ మందు అని ప్రకటనలలో కనిపించే మాట సరికాదు.

1978లో జర్మనీ ప్రభుత్వం మూలికల పరిశీలనకు కమిషన్ ఇ అనే నిపుణుల సంఘాన్ని నియమించింది. వైద్యులు, ఔషధ శాస్త్రజ్ఞులు సభ్యులుగా గల ఈ సంఘం వందలాది మూలికలను పరిశీలించి ఒక్కొక్కదానిపై తీర్పు వంటి పత్రాన్ని ప్రకటించింది. నెటిల్ వేరుపై 1980ల దశకంలో వెలువడిన పత్రం దానిని ఆమోదిస్తూనే రెండు హద్దులు పెట్టింది. ప్రోస్టేట్ పెరుగుదలలో మొదటి, రెండవ దశలలోని మూత్ర ఇబ్బందులకు మాత్రమే వాడాలనేది మొదటిది. ఈ మందు గ్రంథి పెరుగుదల వలన కలిగే బాధలను తగ్గిస్తుందే తప్ప పెరుగుదలను తొలగించదనీ, కనుక రోగి క్రమం తప్పకుండా వైద్యుని సంప్రదించాలనీ చెప్పినది రెండవది. మొదటి దశలో మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవుతుంది. రెండవ దశలో కొంత మూత్రం లోపల మిగిలిపోవడం మొదలవుతుంది. మూడవ దశలో మూత్రాశయం తన శక్తినే కోల్పోతుంది. మూడవ దశ మూలికలతో గడిపే దశ కాదు.

2012లో ఐరోపా ఔషధ సంస్థకు చెందిన మూలికా ఔషధాల సంఘం కూడా ఇదే ధోరణిలో ఒక పత్రం ప్రకటించింది. ప్రయోగాల ద్వారా రుజువైన మందుగా కాక, చిరకాలపు వాడుక గల సంప్రదాయ ఔషధంగా మాత్రమే దానిని గుర్తించింది. తీవ్రమైన వ్యాధులేవీ లేవని వైద్యుడు ముందుగా నిర్ధారించిన తరువాతనే వాడాలని షరతు విధించింది.

మన ఆయుర్వేదంలో మూత్రం అడ్డగించే రోగాలను మూత్రాఘాతం అనే పేరుతో వర్ణించారు. పల్లేరు, ఉలిమిరి వంటివి ఆ చికిత్సలో పేరు పొందిన మూలికలు. నెటిల్ వేరు చికిత్స ఆ సంప్రదాయం నుండి వచ్చినది కాదు.

ప్రోస్టేట్ గ్రంథి, దాని పెరుగుదల

ప్రోస్టేట్ పురుషులలో మాత్రమే ఉండే గ్రంథి. యుక్త వయసులో పెద్ద ఉసిరికాయంత పరిమాణంలో, సుమారు 20 గ్రాముల బరువుతో, మూత్రాశయానికి సరిగ్గా దిగువన ఉంటుంది. మూత్రనాళం ఈ గ్రంథి మధ్య నుండి పోతుంది. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని తయారుచేయడం దీని పని. నలభై ఏళ్ళు దాటిన తరువాత చాలామందిలో ఈ గ్రంథి లోపలి భాగం మెల్లగా పెరగడం ప్రారంభిస్తుంది. అరవై ఏళ్ళ ప్రాయంలో సుమారు సగం మందిలోను, ఎనభై దాటిన వారిలో అత్యధికులలోను సూక్ష్మదర్శినిలో ఈ పెరుగుదల కనిపిస్తుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. వైద్యులు దీనిని సంక్షిప్తంగా బి.పి.హెచ్. అంటారు. జనవ్యవహారంలో ప్రోస్టేట్ వాపు అంటారు.

గ్రంథి పెరిగి మూత్రనాళాన్ని ఒత్తినప్పుడు ధార సన్నబడుతుంది. మొదలు కావడానికి ఆలస్యమవుతుంది. ఆగి ఆగి వస్తుంది. పూర్తిగా పోలేదన్న భావన మిగులుతుంది. రాత్రి రెండు మూడు సార్లు లేవవలసి వస్తుంది. అయితే గ్రంథి పరిమాణానికీ బాధ తీవ్రతకూ నేరుగా సంబంధం ఉండదు. పెద్ద గ్రంథి ఉండి ఏ బాధా లేనివారూ, చిన్న గ్రంథితోనే ఎంతో ఇబ్బంది పడేవారూ ఉన్నారు. బాధను కొలవడానికి ఏడు ప్రశ్నలతో 35 మార్కుల పట్టిక ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. 7 వరకు స్వల్పం, 8 నుండి 19 వరకు మధ్యస్థం, 20 ఆపైన తీవ్రం. ఈ వ్యాసంలో దిగువన వచ్చే అంకెలు ఈ పట్టికకు సంబంధించినవి. ఇందులో మార్కులు ఎంత తగ్గితే అంత మేలు.

ఈ పెరుగుదలకు పురుష హార్మోను అవసరం. వృషణాలలో తయారైన టెస్టోస్టెరాన్ ప్రోస్టేట్‌లోకి చేరాక 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము వలన డైహైడ్రోటెస్టోస్టెరాన్ అనే మరింత బలమైన రూపంలోకి మారుతుంది. గ్రంథిని పెంచేది ప్రధానంగా ఈ రెండవ రూపం. 1992లో అమెరికాలో అనుమతి పొందిన ఫినాస్టరైడ్ అనే మందు ఈ ఎంజైమును అడ్డుకొని గ్రంథిని కుదిస్తుంది.

వేరులోని పదార్థాలు, హార్మోన్ల వాదన

నెటిల్ వేరులో లిగ్నాన్లు, ఫైటోస్టెరాల్స్, పాలీశాకరైడ్లు, ఒక ప్రత్యేకమైన లెక్టిన్ ఉంటాయి. ఫైటోస్టెరాల్స్‌లో ముఖ్యమైనది బీటా-సైటోస్టెరాల్. ఇది వేరుశనగలోను, నూనె గింజలలోను కూడా ఉండే సాధారణ పదార్థమే. అర్టికా డయోయికా అగ్లుటినిన్ అని పిలిచే లెక్టిన్‌ను 1984లో బెల్జియం శాస్త్రజ్ఞులు వర్ణించారు. తెలిసిన మొక్కల లెక్టిన్లలో ఇది చాలా చిన్నది. ఈ పదార్థాలలో పని చేసేది ఏది అనే ప్రశ్నకు ఏకాభిప్రాయం లేదు. నీటితో తీసిన సారంలో ఒక రకమైన పదార్థాలూ, ఆల్కహాలుతో తీసిన సారంలో మరొక రకమైనవీ ఎక్కువగా వస్తాయి. అందుచేత ఒక కంపెనీ సారంపై జరిగిన ప్రయోగ ఫలితాన్ని మరొక కంపెనీ మాత్రకు అంటగట్టడం శాస్త్రసమ్మతం కాదు.

హార్మోన్ల వాదనకు మూలం రక్తంలో టెస్టోస్టెరాన్ ప్రయాణించే తీరు. ఈ హార్మోనులో సుమారు 2 శాతం మాత్రమే స్వేచ్ఛగా ఉంటుంది. మిగిలినది రెండు ప్రోటీన్లకు అతుక్కొని ఉంటుంది. వాటిలో ఎస్.హెచ్.బి.జి. అనే ప్రోటీను హార్మోనును గట్టిగా పట్టుకుంటుంది. తాళం పెట్టిన పెట్టెలోని డబ్బు వలె అది అప్పటికి ఖర్చుకు పనికిరాదు. నెటిల్ వేరులోని కొన్ని లిగ్నాన్లు ఈ ప్రోటీనుకు అతుక్కుంటాయని 1990ల దశకంలో జర్మన్ పరిశోధకులు పరీక్షనాళికలో చూపించారు. లిగ్నాన్ ఆ చోటును ఆక్రమిస్తే హార్మోను విడుదలై స్వేచ్ఛా టెస్టోస్టెరాన్ పెరుగుతుందనే ఊహ అక్కడ నుండి పుట్టింది. వ్యాయామశాలల చుట్టూ అమ్ముడుపోయే అనేక సీసాలకు ఈ ఊహే పెట్టుబడి.

ఊహకూ ఫలితానికీ మధ్య చాలా మెట్లు ఉన్నాయి. మింగిన లిగ్నాన్ జీర్ణకోశంలో మార్పు చెందకుండా తగినంత మోతాదులో రక్తంలోకి చేరాలి. చేరి ఆ ప్రోటీనును ఆక్రమించాలి. విడుదలైన హార్మోనును శరీరం సర్దుబాటు చేయకుండా ఊరుకోవాలి. శరీరం అలా ఊరుకోదు. స్వేచ్ఛా హార్మోను పెరిగినట్లు గుర్తించగానే మెదడులోని పిట్యుటరీ గ్రంథి వృషణాలకు పంపే ఆజ్ఞను తగ్గిస్తుంది. 2005లో ఇరాన్‌లో వందలాది పురుషులకు ఆరు నెలలు ఈ వేరు సారం ఇచ్చి చూసినప్పుడు రక్తంలోని టెస్టోస్టెరాన్‌లో మార్పు కనబడలేదు.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం మరొకటి ఉన్నది. ప్రోస్టేట్ పురుష హార్మోనుతో పెరిగే గ్రంథి. ఒకే సీసా మీద టెస్టోస్టెరాన్‌ను పెంచుతుందనీ, ప్రోస్టేట్‌ను కాపాడుతుందనీ రెండు మాటలూ రాసినప్పుడు ఆ రెండింటికీ పొంతన ఎలా కుదురుతుందో అమ్మేవారే చెప్పాలి. అదే వేరు 5-ఆల్ఫా రిడక్టేజ్‌ను, ఎరోమటేజ్ అనే మరో ఎంజైమును అడ్డుకుంటుందని కూడా అంటారు. పరీక్షనాళికలో ఈ ప్రభావాలు బలహీనంగానే కనిపించాయి.

రోగులపై ప్రయోగాలు

పైన చెప్పిన ఇరాన్ ప్రయోగం ఈ వేరుపై జరిగిన వాటిలో పెద్దది. 620 మంది పాల్గొనగా 558 మంది చివరి వరకు నిలిచారు. వేరు సారం తీసుకున్న వారి మార్కులు 19.8 నుండి 11.8కి తగ్గాయి. మందు లేని నకిలీ మాత్ర తీసుకున్న వారివి 19.2 నుండి 17.7కి మాత్రమే తగ్గాయి. గ్రంథి పరిమాణం కూడా స్వల్పంగా తగ్గినట్లు, అనగా 40.1 ఘన సెంటీమీటర్ల నుండి 36.3కి చేరినట్లు నివేదించారు. అంకెలు ఘనంగానే ఉన్నాయి. కాని ప్రోస్టేట్ ప్రయోగాలలో నకిలీ మాత్రతో కూడా సాధారణంగా నాలుగైదు మార్కుల ఉపశమనం కనిపిస్తుంది. ఈ ప్రయోగంలో అది ఒకటిన్నర మార్కు మాత్రమే కావడం ఇతర ప్రయోగాలతో సరిపోలని విషయం.

2004లో ప్రచురితమైన జర్మన్ ప్రయోగం 246 మందిపై ఏడాది పాటు సాగింది. వేరు సారం తీసుకున్నవారికి 5.7 మార్కులు, నకిలీ మాత్ర తీసుకున్నవారికి 4.7 మార్కులు తగ్గాయి. తేడా గణాంక శాస్త్రం ప్రకారం లెక్కకు వచ్చేదే. అయినా 35 మార్కుల పట్టికలో ఒక్క మార్కు తేడాను రోగి తన దినచర్యలో గుర్తించగలడా అనేది వేరే ప్రశ్న. మూత్రధార వేగంలో రెండు వర్గాలకూ చెప్పుకోదగిన తేడా లేదు. ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వేరు ప్రభావం ఉన్నదనీ, అది ఇరాన్ ప్రయోగం చూపినంత పెద్దది కాకపోవచ్చుననీ భావించడం సమంజసం.

జర్మనీలో ఈ వేరును తరచుగా సా పామెట్టో అనే అమెరికా మరుగుజ్జు తాటి జాతి చెట్టు పండ్ల సారంతో కలిపి ఇస్తారు. 160 మిల్లీగ్రాముల పండు సారం, 120 మిల్లీగ్రాముల వేరు సారం గల ఒక మందుపై 257 మందితో 24 వారాలు జరిపిన ప్రయోగ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. మందు వర్గానికి 6 మార్కులు, నకిలీ వర్గానికి 4 మార్కులు తగ్గాయి. ఇదే మిశ్రమాన్ని 543 మందిలో ఫినాస్టరైడ్‌తో పోల్చిన మరొక ప్రయోగంలో రెండూ సమానంగా పని చేసినట్లు 2000లో ప్రకటించారు. ఆ పోలికలో నకిలీ మాత్ర వర్గం లేదు. కావున రెండూ సమానంగా పనిచేశాయా, లేక రెండింటిలోనూ కనిపించినది చాలావరకు నమ్మకపు ఫలితమేనా అని వేరుచేసి చెప్పడానికి వీలులేదు. సా పామెట్టో ఒక్కటే వాడినప్పుడు నకిలీ మాత్ర కంటె మెరుగు కాదని అమెరికాలో 2006, 2011 సంవత్సరాలలో ప్రకటించిన రెండు పెద్ద ప్రయోగాలు తేల్చాయి. అమెరికా మూత్రవ్యాధి నిపుణుల సంఘం 2010లో వెలువరించిన మార్గదర్శకాలలో ఈ వ్యాధికి ఏ మూలికా అనుబంధాన్నీ సిఫారసు చేయలేదు.

నమ్మకపు ఫలితం అనగానే రోగి బాధ ఉత్తుత్తిది అని అర్థం చేసుకోకూడదు. ప్రోస్టేట్ బాధలు కాలాన్ని బట్టి, మనసును బట్టి, సాయంత్రం త్రాగిన కాఫీని బట్టి కూడా ఎక్కువ తక్కువలవుతాయి. చికిత్స మొదలుపెట్టేది బాధ ఎక్కువగా ఉన్నప్పుడే గనుక ఆ తరువాత కొంత తగ్గడం సహజం. ఆ తగ్గుదల ఖాతాను మందుకు జమ చేయకుండా ఉండడానికే నకిలీ మాత్ర వర్గం అవసరం.

మోతాదు, అమ్మకం

కమిషన్ ఇ సూచించిన మోతాదు రోజుకు 4 నుండి 6 గ్రాముల ఎండువేరు, లేదా దానికి సమానమైన సారం. సారం ఎన్ని రెట్లు గాఢమైనదో సీసాపై ఉంటేనే ఈ లెక్క కట్టగలము. కేవలం 500 మిల్లీగ్రాములు అని రాసి ఉంటే అది ఉత్త పొడియో, గాఢమైన సారమో తెలియదు. ఉత్త పొడి అయితే పై మోతాదుకు రోజుకు ఎనిమిది నుండి పన్నెండు క్యాప్సూళ్ళు మింగవలసి వస్తుంది.

మరొక పొరపాటు ఆకును వేరుగా భావించడం. నెటిల్ ఆకు టీ పొట్లాలు విరివిగా దొరుకుతాయి. ఆకును కీళ్ళ నొప్పులకూ, మూత్రం ఎక్కువగా రావడానికీ వాడుతారు. ప్రోస్టేట్‌కు సంబంధించిన ప్రయోగాలన్నీ వేరుపై జరిగినవి. రాత్రి పదే పదే లేచే మనిషికి మూత్రం పెంచే టీ ఇవ్వడం ఎదురు ఫలితమే ఇస్తుంది.

జర్మనీలో మందుగా అమ్మే సారాలకు నాణ్యత ప్రమాణాలు వర్తిస్తాయి. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం ఆహార అనుబంధాలను అమ్మకానికి ముందు ప్రభుత్వం పరీక్షించి అనుమతించవలసిన పని లేదు. బదులుగా, ఫలానా వ్యాధిని నయం చేస్తుందని సీసా మీద రాయకూడదు. అందుచేతనే అక్కడి సీసాల మీద ప్రోస్టేట్ ఆరోగ్యానికి తోడ్పడుతుంది అనే మెత్తని వాక్యం ఉంటుంది. అమెరికాలో నివసించే తెలుగువారు గాని, అక్కడి నుండి సీసాలు తెప్పించుకునేవారు గాని ఆ వాక్యాన్ని వైద్యపరమైన హామీగా చదవకూడదు.

దుష్ఫలితాలు, జాగ్రత్తలు

ప్రయోగాలలో ఈ వేరు సారాన్ని చాలామంది ఇబ్బంది లేకుండా తీసుకున్నారు. కొద్దిమందికి కడుపు ఉబ్బరం, వికారం, విరేచనాలు, చర్మంపై దద్దురు కలుగవచ్చును. నెటిల్ ఆకులో విటమిన్ కె ఎక్కువగా ఉండడం వలన రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకును విరివిగా తీసుకోకూడదు. మూత్రపిండాల వ్యాధి గలవారు, బి.పి. మందులు వాడేవారు వైద్యుని అడిగి తీసుకోవాలి. స్త్రీలకూ పిల్లలకూ ఈ వేరుతో పని లేదు.

అసలు ప్రమాదం వేరులో కంటె, అది ఇచ్చే నిశ్చింతలో ఉన్నది. ప్రోస్టేట్ క్యాన్సర్ తొలి దశలో సాధారణంగా ఏ లక్షణమూ చూపదు. మాత్రతో ధార కొంత మెరుగుపడినంత మాత్రాన క్యాన్సర్ లేదని అర్థం కాదు. క్యాన్సర్ అనుమానాన్ని పరిశీలించడానికి వైద్యుడు వేలితో చేసే పరీక్ష, పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష ఉపయోగపడతాయి. ఫినాస్టరైడ్ కొన్ని నెలలు వాడితే పి.ఎస్.ఏ. అంకె సుమారు సగానికి పడిపోతుంది గనుక వైద్యులు ఆ లెక్కను సరిచేసి చదువుతారు. నెటిల్ వేరు ఆ అంకెను మార్చినట్లు ఇరాన్ ప్రయోగంలో కనబడలేదు. అయితే ప్రోస్టేట్ పేరుతో అమ్మే సీసాలలో ఐదారు మూలికలు కలిపి ఉండడం మామూలు. కాబట్టి రక్తపరీక్షకు వెళ్ళేటప్పుడు వాడుతున్న సీసాను వెంట తీసుకువెళ్ళి చూపడం మంచిది.

రెండవ ప్రమాదం మూత్రాశయానికి సంబంధించినది. రోజూ కొంత మూత్రం లోపలే మిగిలిపోతుంటే మూత్రాశయం కండరం సాగి బలహీనపడుతుంది. ఇన్ఫెక్షన్లు, రాళ్ళు ఏర్పడతాయి. ఒత్తిడి పైకి తన్ని మూత్రపిండాలు కూడా చెడవచ్చును. ఇది నొప్పి లేకుండా సాగే ప్రక్రియ కావడం చేత రోగికి తెలియకపోవచ్చు. మూత్రం పోసిన తరువాత లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండు పరీక్షలో నిమిషాలలో తెలుస్తుంది. మూలిక వాడదలచినవారు ముందుగా ఈ పరీక్ష చేయించుకోవడం ఉచితం.

మూత్రంలో రక్తం కనబడినా, జ్వరంతో కూడిన మంట ఉన్నా, ఎముకలలో తగ్గని నొప్పి ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా మూలికలతో కాలయాపన చేయరాదు. మూత్రం పూర్తిగా బిగిసిపోయి పొత్తికడుపు ఉబ్బి నొప్పి పుడితే అది అత్యవసర స్థితి. గంటలలోపే ఆసుపత్రిలో గొట్టం ద్వారా మూత్రం తీయవలసి ఉంటుంది. ప్రోస్టేట్ పెరిగినవారిలో ఈ స్థితి కొన్నిసార్లు దుకాణంలో అడిగి కొనుక్కున్న జలుబు మాత్రతో మొదలవుతుంది. సూడోఎఫెడ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ వంటి పదార్థాలు మూత్రాశయ ద్వారాన్ని బిగించడం గాని, మూత్రాశయ కండరాన్ని మందగింపజేయడం గాని దీనికి కారణం. నెటిల్ వేరు వాడుతున్నా, వాడకపోయినా ప్రోస్టేట్ పెరిగినవారు జలుబు మందు కొనే ముందు ఆ సంగతి వైద్యునికి గాని, ఫార్మసిస్టుకు గాని చెప్పాలి.